పేరు అడిగితే 'నువ్వే పెట్టు' అంది

సగం_చదివిన_పుస్తకం
శనివారం, రాత్రి 2:50

ఇన్నాళ్ళూ చదువుకుని వెళ్ళిపోయేదాన్నే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మూడు రోజులుగా నిద్ర సరిగ్గా లేదు కాబట్టి రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

బుధవారం రాత్రి ఒక్కదాన్నే బార్‌కి వెళ్ళాను. అది నాకు కొత్త కాదు. కౌంటర్ చివర గోడ పక్కన ఒక కుర్చీ ఉంటుంది, అందులో కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు అందులో ఒకామె కూర్చుని ఉంది. ఏం చెయ్యాలో తోచక కాసేపు నిలబడ్డాను. ఆమె నావైపు తిరక్కుండానే "మీ కుర్చీలో కూర్చున్నానా?" అంది. ఎలా తెలుసు అన్నాను. "ఖాళీ కుర్చీ పక్కనుండగా నిండిన కుర్చీని చూస్తున్నారు కదా" అంది. నవ్వొచ్చేసింది. పక్కన కూర్చున్నా.

తర్వాత మూడు గంటలు ఎటు పోయాయో తెలీదు. నేను ఒకటంటే ఆమె రెండంటుంది. నా జుట్టు బాగుందంది. పొద్దున్నుంచి దువ్వలేదు అన్నాను. "అందుకే బాగుంది, ఇంక దువ్వకు" అంది. అప్పటికే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది, ముందు ఎవరు అన్నారో కూడా గుర్తులేదు. మోచేతులు తగిలాయి. ఇద్దరం తీయలేదు.

పేరు అడిగితే "నువ్వే పెట్టు" అంది. బుధవారం కదా అని 'బుధవారం' అన్నాను. గడియారం చూసింది, పన్నెండు దాటింది. "అయితే నువ్వు గురువారం" అంది. ఆ నిమిషంలో ఎంత ముద్దొచ్చిందో, ఇంటికొచ్చాక అంత గుచ్చుకుంది.

ఏం చేస్తుంటావు అంటే "ఇతరుల కుర్చీల్లో కూర్చుంటుంటా". ఎవరితోనైనా ఉన్నావా అంటే "ఇప్పుడు నీతోనే ఉన్నాగా". ఒక్కసారి మాత్రం నేను నవ్వకుండా అడిగాను, చివరిసారి ఎవరినైనా ఇష్టపడింది ఎప్పుడు అని. గ్లాసు కింద పెట్టే అట్టముక్క తీసి చించడం మొదలుపెట్టింది. తడిసింది కదా, పొరలు పొరలుగా వచ్చింది. ఒక్కో పొరా తీసి కౌంటర్ మీద వరసగా పేర్చింది. ఆరు పొరలు. ఆరోది సరిచేసి, తలెత్తి, "మీకు ఇంకోటి చెప్పనా?" అంది.

మీకు.

వెళ్ళేటప్పుడు నా నంబర్ తీసుకుంది, తనది ఇవ్వలేదు. మెసేజ్ లేదు. నాతో సరదాకి ఆడుకుందా, లేక భయపడిందా? నాకు 33. ఇంతకుముందు రెండు బంధాలు, రెండింట్లోనూ నేనే ఎక్కువ తెరిచి పెట్టానని నా ఫీలింగ్. మూడోసారి అదే మొదలవుతోందేమోనని టెన్షన్.

తడిగొడుగు

చేదుగా ఉంటుంది, ఏమీ అనుకోకు. నంబర్ తీసుకుని ఇవ్వనివాళ్ళ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. పేరు చెప్పదు, పని చెప్పదు, ఎవరితో ఉందో చెప్పదు. మూడు గంటలు నవ్వించింది, ఫ్రీగా మంచి సాయంత్రం దొరికింది అనుకుని వదిలెయ్. నేను ఇలాంటి ఒకామె కోసం ఎనిమిది నెలలు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా. చివరికి తెలిసింది ఏంటంటే ఆమెకి నేను 'మంగళవారం సాయంత్రాలు' అంతే.

కిటికీ_పక్క_సీటు

ఒక డౌట్ అడగొచ్చా, తిట్టకండి. ఇది అసలు ఫ్లర్టింగే అని ఎలా తెలుసు? నేను నా ఫ్రెండ్స్‌తో ఇంతకంటే ఎక్కువ మాట్లాడతా. జుట్టు బాగుందనడం, ఆనుకుని కూర్చోవడం, ఆడవాళ్ళ మధ్య ఇవి మామూలే కదా.

సగం_చదివిన_పుస్తకం

@కిటికీ_పక్క_సీటు తిట్టను 🙂 ఇదే మా అందరి రోజువారీ పరీక్ష. అబ్బాయి అయితే జుట్టు గురించి అన్నప్పుడే విషయం తెలిసిపోతుంది. అమ్మాయి అంటే స్నేహమా ఇంకోటా అని ఇంటికెళ్ళి లెక్కలు వేసుకోవాలి. కానీ ఆ మోచెయ్యి సంగతి నాకు తెలుసు. అనుకోకుండా తగిలిన చెయ్యి కాసేపటికి కదులుతుంది. ఇది కదల్లేదు. కదలకుండా ఉండటానికి ఇద్దరం కష్టపడ్డాం. నేనైతే కుడిచేత్తో తాగడం మానేసి ఎడమచేత్తో తాగా.

నిద్రపట్టని_గుడ్లగూబ

ఎడమచేత్తో తాగావంటే ఇంక సాక్ష్యం అక్కర్లేదు.

అయినా కిటికీగారి ప్రశ్న తేలిగ్గా తీసేసేది కాదు. 2014లో జెఫ్రీ హాల్ బృందం ఒక అధ్యయనం చేసింది. ముక్కూమొహం తెలీని ఇద్దరిని కాసేపు మాట్లాడుకోనిచ్చి, తర్వాత విడివిడిగా అడిగారు: నువ్వు ఫ్లర్ట్ చేశావా, అవతలివాళ్ళు చేశారా? చెయ్యనప్పుడు చెయ్యలేదని 80 శాతం పైగా సరిగ్గా చెప్పారు. చేసినప్పుడు మాత్రం మగవాళ్ళలో 36 శాతం, ఆడవాళ్ళలో 18 శాతమే పసిగట్టారు. అవి ఆడామగా జంటలు, మన సంగతి అచ్చంగా అలాగే ఉంటుందని అనను. కానీ అక్కడే అంత గుడ్డిగా ఉంటే, 'ఇది స్నేహమేలే' అనే దారి ఇంకోటి కూడా తెరిచి ఉన్న మన దగ్గర ఎన్ని సైగలు గాల్లో కలిసిపోతున్నాయో.

నిర్వాహకురాలు

ఈ మధ్యలో వచ్చిన రెండు కామెంట్లు తీసేశాను. 'ఇద్దరు అమ్మాయిలు' అనే మాట కనబడగానే ఊహల్లోకి వెళ్ళిపోయేవాళ్ళకి ఇది చోటు కాదు. మిగతావాళ్ళు కొనసాగించండి.

నీలం_స్వెటర్

నేను బుధవారాన్ని. అంటే నీ బుధవారాన్ని కాదులే, కంగారు పడకు. ఆ రకం మనిషిని అని.

తడిగొడుగు చెప్పిన కారణం ఒకటి. ఇంకోటి నేను చెప్తా. ఐదేళ్ళ కిందట ఇలాగే ఒకామె కలిసింది. పేరు చెప్పాను, పూర్తి పేరు. ఇంటికెళ్ళేలోపు నన్ను వెతికి, నా ఫోటోలు చూసి, పాత ఫోటో ఒకదానికి గుండె గుర్తు పెట్టింది. ఆమె మనసులో ఏ చెడూ లేదు. కానీ ఆ ఫోటో కింద మా అక్క కామెంట్ ఉంది, ఆఫీసులో నా పక్క సీటు మనిషి కామెంట్ ఉంది. ఎవరీమె అని మొదట అక్క అడిగింది. తర్వాత వారానికి ఆఫీసులో అడిగారు. మిగతాది రాయబుద్ధి కావడం లేదు. నేను ఇంట్లో చెప్పుకోవాల్సిన మాట నా నోటితో చెప్పుకునే అవకాశం లేకుండా పోయింది.

అప్పట్నుంచి పేరు చివర్న చెప్తా. నంబర్ తీసుకుంటా, ఇవ్వను. అవతలి మనిషి మీద అనుమానంతో కాదు. తలుపు గొళ్ళెం నావైపు ఉండాలి, అంతే.

కానీ ఒకటి ఒప్పుకుంటా. గొళ్ళెం వేసుకుని లోపల కూర్చుని, ఎవరూ తలుపు తట్టడం లేదని ఏడ్చిన రాత్రులూ ఉన్నాయి. మెసేజ్ టైప్ చేసి, చెరిపేసి, మళ్ళీ టైప్ చేసి. అవతల మనిషికి కనబడేది మౌనం ఒక్కటే కదా.

పాతచెప్పులు

అమ్మాయిలూ, నాకు 58. మీ అందరి మాటలూ చదువుతుంటే నవ్వూ వస్తోంది, ఇంకేదో కూడా.

పేరు దాచుకోవడం ఈ తరం రోగం అనుకోకండి. 1955లో శాన్ ఫ్రాన్సిస్కోలో డాటర్స్ ఆఫ్ బిలిటిస్ అని ఆడవాళ్ళ సంఘం ఒకటి పుట్టింది. ఎందుకు పుట్టిందంటే, అప్పట్లో మనలాంటి ఆడవాళ్ళు కలుసుకునేవి బార్లే, ఆ బార్ల మీద పోలీసులు దాడి చేసేవాళ్ళు. అలా కాకుండా ఎవరో ఒకరి ఇంటి హాల్లో కలుద్దాం అని. మరుసటేడు 'ది ల్యాడర్' అని చిన్న పత్రిక మొదలుపెట్టారు. సంపాదకురాలు ఫిలిస్ లయన్. ఆమె కూడా మొదట్లో సొంత పేరు వెయ్యలేదు, యాన్ ఫెర్గసన్ అని వేసుకుంది. కొన్ని నెలలకే మనసొప్పక, యాన్ ఫెర్గసన్ చచ్చిపోయింది అని ఆ పత్రికలోనే ప్రకటించి సొంత పేరుతో రాయడం మొదలుపెట్టింది. ఎంత బావుందో చూడండి, తన దొంగపేరుకి తనే కర్మకాండ చేసింది.

అంటే పుస్తకం తల్లీ, మీ బుధవారం కూడా ఎప్పుడో చచ్చిపోవాలి. తొందరపడి నువ్వు చంపకు.

తడిగొడుగు

@నీలం_స్వెటర్ నీకు జరిగింది చదివి బాధేసింది. అయినా ఒక మాట. దాచుకోవడం వేరు, అబద్ధం వేరు. 'నాకు చెప్పడం కష్టం, టైమ్ కావాలి' అనొచ్చుగా? అది కూడా గొళ్ళెమే. జోకు వేసి తప్పించుకుంటే అవతలి మనిషికి లోపల ఏం ఉందో ఎలా తెలుస్తుంది, ఇల్లు ఖాళీగా ఉందనుకుని వెళ్ళిపోతుంది.

నీలం_స్వెటర్

@తడిగొడుగు 'నాకు చెప్పడం కష్టం' అనడమే అన్నిటికంటే పెద్ద చెప్పడం. బార్‌లో పక్క కుర్చీలో ఉన్న కొత్త మనిషితో ఆ వాక్యం అనగలిగితే నాకు ఏ సమస్యా లేదు.

తడిగొడుగు

సరే, ఇది నిజమే.

మాటలమూట

అందరూ బుధవారం గురించే మాట్లాడుతున్నారు. నాకు గురువారం గురించి అడగాలని ఉంది.

పుస్తకంగారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆమె పేరు చెప్పలేదని రాశారు. మీరు మీ పేరు చెప్పారా? ఆమె పని చెప్పలేదన్నారు. మీ పని చెప్పారా? చివరిసారి ఇష్టపడింది ఎప్పుడని ఆమెని అడిగారు. ఆ ప్రశ్నకి మీ జవాబు ముందు చెప్పి అడిగారా, ఉత్తగా అడిగారా?

ఇంకోటి. ఆమె 'మీకు' అనగానే మీ గుండె జారింది, అర్థమైంది. మన భాషలో ఉన్న సుఖమూ అదే, కష్టమూ అదే. దగ్గరికి జరిగామో దూరం జరిగామో ఒక్క అక్షరం చెప్పేస్తుంది. కానీ నేను గమనించింది, మనుషులు ఊరికే వెనక్కి వెళ్ళరు. అంతకుముందు అవతలివాళ్ళు ఎక్కడో ఒక అడుగు వెనక్కి వేసి ఉంటారు. ఆలోచించి చెప్పండి.

సగం_చదివిన_పుస్తకం
ఆదివారం, రాత్రి 11:15

@మాటలమూట పొద్దున చదివాను మీ పోస్టు. వెంటనే కోపం వచ్చింది. రోజంతా జవాబు రాయకుండా తిరిగాను. ఇప్పుడు రాస్తున్నా.

చెప్పలేదు. పేరు చెప్పలేదు. ఆమె 'నువ్వే పెట్టు' అనగానే ఆటలో పడిపోయి, హమ్మయ్య నేనూ చెప్పక్కర్లేదు అనుకున్నా. ఆ 'హమ్మయ్య' నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇంకా ఉంది. ఒక్కదానివే వచ్చావా అంటే, లేదు ఫ్రెండ్ రావాలి, లేటయినట్టుంది అన్నాను. ఏ ఫ్రెండూ లేదు. ఒంటరిగా వచ్చేదాన్ని అని తెలిస్తే జాలిగా చూస్తుందేమోనని. ఇంటి దగ్గర నీకోసం ఎవరూ ఎదురు చూడరా అంటే, పిల్లి ఉంది అన్నా. నాకు పిల్లి లేదు!! దాని రంగు కూడా చెప్పా. బూడిద రంగు.

ఇక 'మీరు' విషయం. నా చేతికి పాత కడియం ఒకటి ఉంటుంది, నా రెండో ఆమె ఇచ్చింది. బుధవారం దాన్ని వేలితో తిప్పుతూ, ఎవరిచ్చారు, మంచి కథ ఉన్నట్టుందే అంది. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, "అబ్బే, అలాంటిదేం లేదండీ" అన్నా.

'అండీ' అన్నాను. నేనే. అట్టముక్క కంటే పావుగంట ముందు.

నేను ఎక్కువ తెరిచి పెట్టేదాన్ని అని మొదటి పోస్టులో రాసుకున్నా. ఆ వాక్యం ఇప్పుడు చదవలేకపోతున్నా.

కిటికీ_పక్క_సీటు

బూడిద రంగు పిల్లి 😂 క్షమించు, నవ్వు ఆగలేదు. పేరు పెట్టావా దానికి?

సగం_చదివిన_పుస్తకం

పెట్టలేదు. నాకు పేర్లతోనే సమస్య ఉన్నట్టుంది.

నిద్రపట్టని_గుడ్లగూబ

మాటలమూట పట్టుకున్న పాయింట్ మీదే ఇంకో సంగతి. 1997లో ఆర్థర్ ఆరన్ వాళ్ళు చేసిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు, 36 ప్రశ్నలు. కొత్తవాళ్ళిద్దరిని కూర్చోబెట్టి 45 నిమిషాలు ఒకరినొకరు అడుక్కోమన్నారు, పైపై కబుర్లు చెప్పుకున్న జంటల కంటే వీళ్ళు దగ్గరయ్యారు. దాన్ని ప్రేమ పుట్టించే మంత్రంలా ప్రచారం చేశారు, అది అతి. అసలు కిటుకు ప్రశ్నల్లో లేదు. తేలికవాటితో మొదలై మెల్లగా లోతుకి వెళ్తాయి, ప్రతి ప్రశ్నకీ ఇద్దరూ జవాబు చెప్పాలి. నువ్వు చేసింది ఏంటంటే జోకుల నుంచి ఒక్క దూకులో 36వ ప్రశ్నకి వెళ్ళావు, అదీ ఒకవైపు నుంచే. ఫ్లర్టింగ్‌లో ఉన్నప్పుడు అది ప్రశ్నలా వినబడదు, తనిఖీలా వినబడుతుంది.

రెండోది, నీ ధైర్యానికి. 2018లో ఎరికా బూత్‌బీ బృందం కొత్తవాళ్ళ సంభాషణల మీద చేసిన పనిలో తేలింది: మాట్లాడుకున్నాక ఎక్కువమంది, నేను అవతలివాళ్ళకి అంతగా నచ్చలేదు అనుకుంటారు. నిజానికి అనుకున్నదానికంటే ఎక్కువే నచ్చి ఉంటారు. ఈపాటికి బుధవారం కూడా ఇంకెక్కడో కూర్చుని, 'అండీ అంది, నచ్చలేదు కాబోలు' అని నిద్ర మానేసి ఉండొచ్చు.

నీలం_స్వెటర్

మందు సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు తెలిసి రెండు గ్లాసుల తర్వాత ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, రేపు కనిపించదు. అందుకే మోచేతులు దగ్గరవుతాయి, అందుకే తెల్లారాక గోడ రెట్టింపు ఎత్తు లేస్తుంది. మళ్ళీ కలిస్తే ఉత్త సోడాతో కలువు. కనీసం మొదటి గంట.

తడిగొడుగు

మళ్ళీ ఎలా కలుస్తుంది? నంబర్ లేదు కదా. బుధవారం వెళ్ళి కాపు కాయాలా? అదేం బాగుంటుంది.

పాతచెప్పులు

కాపు ఏమిటమ్మా, ఆ కుర్చీ ఈ పిల్లదే కదా మొదట్నుంచీ. ఎప్పుడూ వెళ్ళే చోటికి వెళ్తుంది. ఆమె వస్తే వస్తుంది, వచ్చి దూరంగా కూర్చుంటే మనం దగ్గరికి వెళ్ళం. అంతే లెక్క. వెళ్తే మాత్రం ఆమెని ఏమీ అడగకు. నీది ఒక్క నిజం చెప్పు, చిన్నదే. నా వయసు వచ్చాక తెలిసింది, పెద్ద నిజాలతో మొదలుపెడితే అవతలివాళ్ళు బరువుకి కూలబడతారు.

సగం_చదివిన_పుస్తకం
గురువారం, ఉదయం 6:40

వెళ్ళాను.

తొమ్మిదికి వెళ్తే ఆమె అప్పటికే ఉంది. నా కుర్చీలో కాదు. నాది ఖాళీగా ఉంచి పక్కదాంట్లో కూర్చుంది, దాని మీద తన బ్యాగ్ పెట్టి. నన్ను చూసి ఏమీ అనలేదు, బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

దారిలో ఎన్ని వాక్యాలు తయారు చేసుకున్నానో, ఒక్కటీ నోట్లోంచి రాలేదు. కూర్చుని పేరు చెప్పా. నా అసలు పేరు. ఆమె దాన్ని ఒకసారి మెల్లగా పలికింది, ఎలా ఉందో రుచి చూస్తున్నట్టు. తర్వాత అడిగింది, "పిల్లి ఎలా ఉంది?"

పిల్లి లేదన్నాను. ఫ్రెండ్ కూడా ఎవరూ రావాల్సింది లేదు, ఒక్కదాన్నే వస్తుంటాను అన్నాను.

చాలాసేపు నవ్వింది. "బూడిద రంగు అన్నావుగా! వారమంతా నాకు ఆ పిల్లి మీద అసూయ" అంది. నవ్వడం ఆగాక చెప్పింది, నాలుగుసార్లు మెసేజ్ టైప్ చేసి చెరిపేసిందట. (నీలం స్వెటర్, నువ్వే గుర్తొచ్చావు.) తన ఫోన్ తీసి నా నంబర్ ఏ పేరుతో ఉందో చూపించింది. 'గురువారం.' మార్చనా అంది. వద్దన్నా.

కడియం కథ నేనే చెప్పా. మొత్తం కాదు, ఎవరిచ్చారో, ఎందుకు ఇంకా తీయలేదో. తీయకపోవడానికి కారణం ప్రేమ కాదు, కొక్కెం బిగుసుకుపోయింది, ఒంటి చేత్తో రాదు. వింటూ అట్టముక్క చేతిలోకి తీసుకుంది. ఒక పొర తీసింది. రెండోది తీసింది. అక్కడ ఆపి, మిగతా అట్ట నా గ్లాసు కింద పెట్టేసింది. "నాది నాలుగేళ్ళయింది" అంది. అంతవరకే చెప్పింది. నేను అడగలేదు. తన పేరూ చెప్పలేదు, అదీ అడగలేదు.

సోడాయే తాగాం ఇద్దరం. బయటికి వచ్చాక కడియం కొక్కెం తీసి పెడతావా అని చెయ్యి ఇచ్చా. వీధిదీపం కింద పది నిమిషాలు కుస్తీ పట్టింది. రాలేదు. "వచ్చే బుధవారం పనిముట్లు తెస్తా" అంది.

కిటికీ_పక్క_సీటు

పొద్దున్నే బస్సులో చదువుతూ నవ్వుతుంటే పక్కావిడ వింతగా చూస్తోంది.

తడిగొడుగు

నాకింకా అనుమానమే. నాలుగేళ్ళు అంటే ఏం నాలుగేళ్ళు, విడిపోయా, కలిసి ఉండా? అది తేల్చుకో. కానీ రెండు పొరల దగ్గర ఆపిందన్నావు చూడు, అక్కడ నేను ఓడిపోయా.

పాతచెప్పులు

సన్న పట్టకారు, కాస్త నూనె. పనిముట్లు అంటే ఏం తెస్తుందో ఏమో, చెప్పి ఉంచు.

మాటలమూట

ఈ వారం వెళ్ళారా పుస్తకంగారూ? కొక్కెం వచ్చిందా? పేరు చెప్పిందా?

సగం_చదివిన_పుస్తకం

కొక్కెం రాలేదు. విరిగింది.

పేరు చెప్పింది. ఇక్కడ రాయను.